ఆదాయపు పన్ను: 12 లక్షల రిబేటు నుంచి కొత్త చట్టం దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరపు ఆదాయానికి, అంటే 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరానికి సంబంధించినవి. వేరే ఏడాది గురించి చెప్పినచోట ఆ సంగతి విడిగా రాశాం.

12 లక్షల వరకు పన్ను లేదంటున్నారు. అంటే 12 లక్షలు దాటిన సొమ్ము మీదే పన్ను పడుతుందా?

కాదు. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. కొత్త విధానంలో (మినహాయింపులు చాలావరకు తీసేసి రేట్లు తగ్గించిన పద్ధతి) పన్ను లేని శ్లాబు 4 లక్షల దాకానే. ఆపైన 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, అక్కడి నుంచి 30 శాతం. 12 లక్షల ఆదాయం మీద పన్ను లెక్కవేస్తే 60,000 వస్తుంది. సెక్షన్ 87ఎ కింద ఆ 60,000ను రిబేటుగా తీసేస్తారు కాబట్టి కట్టాల్సింది సున్నా అవుతుంది. పన్ను పడుతుంది, దాన్ని వదిలేస్తున్నారు. ఈ తేడా తెలిస్తే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు దొరికినట్టే.

ఈ రిబేటు, మొత్తం ఆదాయం 12 లక్షలు మించని నివాసితులకు మాత్రమే. ఎన్ఆర్ఐలకు ఇది వర్తించదు. హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకిచ్చి డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉంటున్నవారికి 4 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ పన్ను ఉంటుంది.

2026 బడ్జెట్ ఈ శ్లాబులను మార్చలేదు.

జీతం 12.75 లక్షలు దాటి కాస్త పైన ఉంటే మొత్తం 60,000 కట్టాల్సిందేనా?

ఉద్యోగులకూ పెన్షనర్లకూ 75,000 స్టాండర్డ్ డిడక్షన్ ఉంది కాబట్టి 12.75 లక్షల జీతం దాకా పన్ను పడదు. ఆపైన మార్జినల్ రిలీఫ్ ఆదుకుంటుంది. 13 లక్షల జీతం తీసుకోండి. 75,000 పోగా 12,25,000. శ్లాబుల ప్రకారం పన్ను 63,750. కానీ మీ ఆదాయం 12 లక్షల కంటే ఎక్కువున్నది 25,000 మాత్రమే, కాబట్టి పన్ను కూడా 25,000 మించకూడదు. దాని మీద 4 శాతం సెస్సు 1,000 కలిపితే 26,000.

ఈ ఊరట పన్ను విధించదగ్గ ఆదాయం సుమారు 12,70,588 వరకే పనిచేస్తుంది. జీతంలో చెప్పాలంటే 13,45,000 పైచిలుకు. అక్కడి నుంచి మామూలు శ్లాబు లెక్కే.

మొత్తం 11 లక్షలే ఉన్నా నాకు 20,800 పన్ను చూపిస్తోంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ తప్పా?

షేర్లు అమ్మారేమో చూసుకోండి. ప్రత్యేక రేట్లతో పన్ను పడే ఆదాయానికి రిబేటు వర్తించదని 2025-26 నుంచి చట్టంలోనే స్పష్టంగా రాశారు. స్టాండర్డ్ డిడక్షన్ పోగా జీతం 10 లక్షలు, ఏడాదిలోపు అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభం 1 లక్ష అనుకుందాం. జీతం మీది 40,000 పన్ను రిబేటులో పోతుంది. షేర్ల లాభం మీది 20 శాతం, అంటే 20,000, అలాగే నిలుస్తుంది. సెస్సుతో కలిపి 20,800. పోర్టల్ లెక్క సరైనదే.

ఏడాది దాటాక అమ్మిన లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్లకు 1.25 లక్షల లాభం వరకు పన్ను లేదు, మిగిలినదానికి 12.5 శాతం. ఈ రేట్లు 2024 జులై 23 నుంచి అమల్లో ఉన్నాయి.

వేరే ఆదాయం లేని గృహిణి పేరిట స్వల్పకాలిక లాభం 5 లక్షలుంటే పన్ను 1 లక్ష మీదే పడుతుంది. నివాసితులకు వాడుకోకుండా మిగిలిన 4 లక్షల శ్లాబును ఈ లాభంలోంచి తగ్గించుకునే వీలుంది. 12 లక్షల మాట మాత్రం ఇక్కడ చెల్లదు.

పన్ను సున్నా అయినప్పుడు రిటర్న్ ఎందుకు?

రిబేటు అడగాలంటే రిటర్న్ వేయాలి కాబట్టి. కొత్త విధానంలో ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్న్ తప్పనిసరి. దాటకపోయినా కొన్ని సందర్భాల్లో వేయాలి: ఏడాదిలో విదేశీ ప్రయాణానికి 2 లక్షలకు పైగా ఖర్చు పెట్టినా, కరెంటు బిల్లులు 1 లక్ష దాటినా, సేవింగ్స్ ఖాతాల్లో 50 లక్షలు, ఆపైన జమ చేసినా, టీడీఎస్ (డబ్బు ఇచ్చేవారు ముందే కోసే పన్ను), టీసీఎస్ (డబ్బు తీసుకునేవారు అదనంగా వసూలు చేసే పన్ను) కలిపి 25,000 అయినా (సీనియర్ సిటిజన్లకు 50,000).

పాత విధానం ఇంకా ఎవరికి లాభం?

లెక్క వేయకుండా ఎవరు చెప్పినా నమ్మకండి. 15 లక్షల జీతానికి వేసి చూద్దాం. కొత్త విధానంలో 14,25,000 మీద పన్ను 93,750, సెస్సుతో 97,500. పాత విధానంలో ఇంతే పన్ను రావాలంటే ఆదాయం 9,06,250కు దిగాలి. 50,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా ఇంకా 5,43,750 మినహాయింపులు చూపించాలి.

ఎక్కడి నుంచి వస్తాయి? 80సి కింద పీఎఫ్, ఎల్ఐసీ, పిల్లల ట్యూషన్ ఫీజు అన్నీ కలిపి 1.5 లక్షలు. సొంతంగా ఉంటున్న ఇంటి అప్పు వడ్డీ 2 లక్షలు. ఆరోగ్య బీమా 25,000. ఎన్‌పీఎస్ (జాతీయ పింఛను పథకం) 50,000. ఆంధ్రప్రదేశ్‌లో అయినా తెలంగాణలో అయినా నెలకు 200 చొప్పున వృత్తి పన్ను 2,400. మొత్తం 4,27,400. ఇంటి అప్పు ఉన్నా చాలలేదు! మరో 1.16 లక్షల హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) మినహాయింపు కూడా ఉంటేనే రెండూ సమానమవుతాయి. జీతం 25 లక్షలైతే స్టాండర్డ్ డిడక్షన్ కాక 8 లక్షలు చూపించాలి.

కాబట్టి పెద్ద అద్దె, ఇంటి అప్పు రెండూ ఉన్నవారికే పాత విధానం ఇంకా గిట్టుబాటు. సొంతూళ్లో అప్పు మీద ఇల్లు కట్టి, ఉద్యోగం కోసం నగరంలో అద్దెకుంటున్నవారు తప్పకుండా రెండు విధాలా లెక్క చూసుకోవాలి.

పన్ను కోసమే పాలసీలు కడుతూ వచ్చినవారికి ఒక మాట: కొత్త విధానంలో 80సికి విలువ లేదు. కంపెనీ మీ ఎన్‌పీఎస్‌లో వేసే సొమ్ముకు మాత్రం ఉంది, బేసిక్, డీఏల్లో 14 శాతం వరకు. హెచ్ఆర్‌తో మాట్లాడి జీతంలో ఈ భాగం పెట్టించుకోవడం చాలామంది మరిచిపోతున్న వెసులుబాటు.

హైదరాబాద్ అద్దెకు హెచ్ఆర్ఏ ఎంత వస్తుంది?

ఈ ఏడాది రిటర్న్‌కు బేసిక్ జీతంలో 50 శాతం హద్దు ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నైలకే. హైదరాబాద్, విజయవాడ, విశాఖలకు 40 శాతం. మూడు లెక్కల్లో ఏది తక్కువైతే అదే మినహాయింపు: కంపెనీ ఇచ్చిన హెచ్ఆర్ఏ, కట్టిన అద్దెలోంచి బేసిక్‌లో 10 శాతం తీసేయగా మిగిలింది, బేసిక్‌లో 40 శాతం. నెలకు బేసిక్ 50,000, హెచ్ఆర్ఏ 20,000, అద్దె 18,000 అయితే ఏడాదికి 2,40,000, 1,56,000, 2,40,000 వస్తాయి. మినహాయింపు 1,56,000.

ఏడాది అద్దె 1 లక్ష దాటితే ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. నెల అద్దె 50,000 దాటితే మీరే 2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. అమ్మానాన్నల ఇంట్లో ఉంటూ వాళ్లకు అద్దె కట్టవచ్చు. అయితే డబ్బు నిజంగా వాళ్ల బ్యాంకు ఖాతాకు వెళ్లాలి, వాళ్ల రిటర్న్‌లో అద్దె ఆదాయంగా కనిపించాలి. కాగితం మీది రసీదు ఒక్కటే నిలబడదు.

ఆఫీసులో కొత్త విధానం అని చెప్పాను. రిటర్న్‌లో మార్చుకోవచ్చా?

జీతం, పెన్షన్, అద్దె, వడ్డీ ఆదాయాలున్నవారు ఏటా రిటర్న్‌లోనే మార్చుకోవచ్చు. షరతు ఒక్కటే: పాత విధానం కావాలంటే గడువులోగా, అంటే మామూలుగా జులై 31లోపు, రిటర్న్ వేయాలి. ఆలస్యమైతే కొత్త విధానమే ఖాయం. ఇంటి అప్పు ఉన్నవారికి ఒక్కరోజు ఆలస్యమే వేలల్లో నష్టం.

వ్యాపారం, వృత్తి ఆదాయమున్నవారు పాత విధానం కావాలంటే గడువులోగా ఫారం 10-ఐఈఎ ఇవ్వాలి. వాళ్లు పాత విధానం నుంచి ఒకసారి కొత్తదానికి తిరిగొస్తే, వ్యాపారం ఉన్నంతకాలం మళ్లీ వెనక్కి పోలేరు.

కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చిందిగా, ఈ ఏడాది రిటర్న్ ఏ చట్టం కింద?

పాత చట్టం కిందే. ఆదాయపు పన్ను చట్టం 2025కు 2025 ఆగస్టు 21న రాష్ట్రపతి ఆమోదం లభించింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 2026 మార్చి 31తో ముగిసిన ఏడాది ఆదాయానికి 1961 చట్టమే వర్తిస్తుంది.

ఇక ముందు 'గత సంవత్సరం', 'అసెస్‌మెంట్ సంవత్సరం' అన్న రెండు పేర్లుండవు. సంపాదించిన ఏడాదే 'పన్ను సంవత్సరం'. మొదటిది 2026-27. ఇక్కడ ఒక తికమక పొంచి ఉంది: పాత లెక్కలో 2026-27 అసెస్‌మెంట్ సంవత్సరమంటే 2025-26లో సంపాదించిన ఆదాయం, కొత్త లెక్కలో 2026-27 పన్ను సంవత్సరమంటే ఆ ఏడాదే సంపాదించేది. అంకెలు ఒకటే, ఏడాదులు వేరు. చలానా కట్టేటప్పుడు తప్పు ఏడాది ఎంచుకుంటే కట్టిన పన్ను మీ రిటర్న్‌కు జమ కాదు, పైగా బాకీ ఉందని నోటీసు వస్తుంది.

సెక్షన్ల నంబర్లూ మారాయి. 80సి ఇప్పుడు 123. కొత్త పన్ను విధానం 202. జీతాల టీడీఎస్ 392, మిగతావి 393.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారాను. రెండు చోట్లా టీడీఎస్ కోశారు. ఇంకా బాకీ ఎందుకు?

రెండు కంపెనీలూ విడివిడిగా 4 లక్షల శ్లాబు, 75,000 డిడక్షన్ ఇచ్చాయి కాబట్టి. మీకు రావాల్సింది ఒక్కసారే. ఒక్కో చోట 8 లక్షల చొప్పున జీతం వస్తే, రిబేటు వల్ల ఎక్కడా పైసా టీడీఎస్ కోసి ఉండకపోవచ్చు. కలిపితే 16 లక్షలు. 75,000 పోగా 15,25,000 మీద పన్ను 1,08,750, సెస్సుతో 1,13,100. దానిపై ముందస్తు పన్ను కట్టలేదని వడ్డీ కూడా. కొత్త కంపెనీలో చేరిన వారంలోనే పాత జీతం వివరాలు ఫారం 12బిలో ఇస్తే ఈ దెబ్బ తప్పుతుంది.

ఊళ్లో పొలం అమ్మితే పన్ను ఉందా?

పొలం ఎక్కడుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. గ్రామీణ వ్యవసాయ భూమి అమ్మకంపై మూలధన లాభాల పన్ను లేదు. గ్రామీణం అనిపించుకోవాలంటే మున్సిపాలిటీ జనాభా 10,000 నుంచి 1 లక్ష దాకా ఉంటే దాని సరిహద్దుకు 2 కిలోమీటర్లు, 10 లక్షల దాకా ఉంటే 6, ఆపైన 8 కిలోమీటర్లు దాటి ఉండాలి. దూరం రోడ్డు మీద కాదు, గగనమార్గంలో కొలవాలి. హైదరాబాద్ చుట్టుపక్కల ఇదే కీలకం: రోడ్డు మీద 11 కిలోమీటర్లున్న పొలం గాలిలో 7 కావచ్చు. నగర సరిహద్దులు పెరిగినకొద్దీ ఈ గీత కూడా జరుగుతుంది, అమ్మిన నాటి సరిహద్దునే చూడాలి. దూరంపై తహసీల్దార్ లేదా సర్వే అధికారి ధ్రువపత్రం, పహాణీ లేదా అడంగల్ నకళ్లు రిజిస్ట్రేషన్ సమయంలోనే తీసి దాచుకోండి. నాలుగేళ్ల తర్వాత నోటీసొచ్చినప్పుడు తిరగడం కష్టం.

పంట ఆదాయానికి పన్ను లేదు. అయితే అది 5,000 దాటి, మిగతా ఆదాయం పన్ను లేని శ్లాబు దాటితే, పంట ఆదాయాన్ని రేటు కోసం లెక్కలోకి తీసుకుంటారు. డిడక్షన్లు పోగా జీతం 13 లక్షలు, పంట మీద 3 లక్షలు అనుకోండి. 16 లక్షలకు పన్ను 1,20,000. అందులోంచి 7 లక్షలకు (4 లక్షల శ్లాబు, 3 లక్షల పంట) పడే 15,000 తీసేస్తారు. మిగిలేది 1,05,000. పంట లేకపోతే 75,000తో సరిపోయేది.

అమరావతి భూసమీకరణలో భూమి ఇచ్చాం. వచ్చిన ప్లాటు అమ్మితే?

సెక్షన్ 10(37ఎ) ఈ రైతుల కోసమే పెట్టింది. 2014 జూన్ 2 నాటికి భూమి మీ పేరిట, లేదా మీ హిందూ ఉమ్మడి కుటుంబం పేరిట ఉంటే, భూమి అప్పగించడం మీద గానీ సమీకరణ ధ్రువపత్రం అమ్మినప్పుడు గానీ పన్ను లేదు. తిరిగిచ్చిన ప్లాటును, అది స్వాధీనమైన ఆర్థిక సంవత్సరం ముగిశాక రెండేళ్లలోపు అమ్మినా పన్ను లేదు. ఆ తర్వాత అమ్మితే, ఆ రెండో ఆర్థిక సంవత్సరం చివరి రోజున ఉన్న స్టాంపు విలువే మీ కొనుగోలు ధర. అందుకే స్వాధీన పత్రం మీది తేదీకి ఇంత విలువ. తర్వాత కొనుక్కున్నవారికి ఈ మినహాయింపు రాదు.

పాత ఇల్లు అమ్మాను. 12.5 శాతమా, 20 శాతమా?

2024 జులై 23కు ముందు కొన్న స్థలం, ఇల్లు అయితే నివాసితులు రెండు లెక్కలూ వేసి తక్కువది కట్టవచ్చు. 2010-11లో 20 లక్షలకు కొని 2025-26లో 70 లక్షలకు అమ్మారనుకుందాం. నేరుగా లాభం 50 లక్షలు, 12.5 శాతం అంటే 6.25 లక్షలు. ధరల పెరుగుదల సూచీ ప్రకారం (167 నుంచి 376) కొనుగోలు ధర 45.03 లక్షలు, లాభం 24.97 లక్షలు, 20 శాతం అంటే 4.99 లక్షలు. సూచీ మేలు. అదే ఇల్లు 1.20 కోట్లకు అమ్ముడుపోతే లెక్క తిరగబడుతుంది: నేరుగా 12.5 లక్షలు, సూచీతో 14.99 లక్షలు. ధర బాగా పెరిగినచోట 12.5 శాతమే చవక. ఎన్ఆర్ఐలకు ఎంచుకునే వీలు లేదు.

మరో ఇల్లు కొంటే సెక్షన్ 54 మినహాయింపు ఉంది: అమ్మకానికి ఏడాది ముందు నుంచి రెండేళ్ల తర్వాత దాకా కొనవచ్చు, కట్టుకుంటే మూడేళ్లు. రిటర్న్ గడువుకల్లా ఖర్చు పెట్టని సొమ్మును క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఎఫ్‌డీలో ఉంచితే మినహాయింపు పోతుంది.

స్థలం కొంటున్నాం. అడ్వాన్సు నగదుగా ఇవ్వమంటున్నారు.

స్థిరాస్తి అడ్వాన్సు 20,000, ఆపైన నగదుగా తీసుకోకూడదు. తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ కోయాలి. భార్యాభర్తలిద్దరూ సగం సగం కొంటే ఎవరి వాటా వారిదే చూడాలన్న వాదన 2024 అక్టోబరు 1 నుంచి చెల్లదు, మొత్తం ధరే లెక్క. కోసిన నెల ముగిశాక 30 రోజుల్లో కట్టకపోతే రోజుకు 200 రుసుము. అమ్మేవారు ఎన్ఆర్ఐ అయితే ఈ 1 శాతం నిబంధన వర్తించదు. అక్కడ సెక్షన్ 195 కింద మూలధన లాభాల రేటుతో కోయాలి. ఒక్క శాతమే కోసి ఊరుకుంటే మిగతాది కొన్నవారి నెత్తిన పడుతుంది.

కంపెనీ ఇచ్చిన అమెరికా షేర్లు (ఆర్‌ఎస్‌యూ) ఉన్నాయి. రిటర్న్‌కు ఐటీఆర్-1 ఫారం చాలుగా?

చాలదు. విదేశీ ఆస్తి ఒక్క షేరున్నా ఐటీఆర్-2, దాంట్లో షెడ్యూల్ ఎఫ్‌ఏ (విదేశీ ఆస్తుల పట్టిక) నింపాలి. అది క్యాలెండర్ సంవత్సరం ప్రకారం ఉంటుంది: ఈసారి 2025 డిసెంబరు 31 వరకు. చూపించకపోతే నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. 2024 అక్టోబరు నుంచి, స్థిరాస్తి కాకుండా మిగతావన్నీ కలిపి 20 లక్షలు మించకపోతే ఆ జరిమానా లేదు. చూపించే బాధ్యత మాత్రం ఉంది.

షేర్లు మీ పేరిట పడిన రోజు విలువను జీతంలో కలిపి కంపెనీ టీడీఎస్ కోసేస్తుంది. అమ్మినప్పుడు ఆ విలువే మీ కొనుగోలు ధర. ఖాళీగా వదిలేసి సున్నా అని వేస్తే ఒకే సొమ్ముకు రెండుసార్లు పన్ను కట్టినట్టు. 24 నెలల్లోపు అమ్మితే శ్లాబు రేటు, దాటితే 12.5 శాతం. ఇక్కడ 1.25 లక్షల మినహాయింపు లేదు. డివిడెండ్ మీద అమెరికాలో కోసిన పన్నుకు క్రెడిట్ కావాలంటే ఫారం 67 వేయాలి.

పిల్లల చదువుకు డబ్బు పంపితే టీసీఎస్?

2025-26లో 10 లక్షల వరకు లేదు. ఆపైన సొంత డబ్బుతో ఫీజు పంపితే 5 శాతం. గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చిన విద్యారుణమైతే అసలు లేదు. టీసీఎస్ నష్టం కాదు, ఎవరి పాన్ మీద కోశారో వాళ్ల రిటర్న్‌లో సర్దుకుంటుంది.

బ్యాంకు ఎఫ్‌డీ మీద టీడీఎస్ కోయలేదు. వడ్డీ చూపించాలా?

చూపించాలి. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో వడ్డీ 50,000 దాటితేనే టీడీఎస్ (60 దాటినవారికి 1 లక్ష). అది టీడీఎస్ హద్దు, పన్ను మినహాయింపు కాదు.

రిటర్న్ వేసేముందు ఏమేం సరిచూసుకోవాలి?

ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మీ లావాదేవీల జాబితా), ఫారం 26ఏఎస్ (మీ పేరిట జమైన పన్ను వివరాలు), ఫారం 16 (కంపెనీ ఇచ్చే జీతం, టీడీఎస్ పత్రం) మూడూ పక్కపక్కన పెట్టుకోండి. వడ్డీ, డివిడెండు, షేర్ల అమ్మకం, రిజిస్ట్రేషన్లు శాఖ దగ్గర ముందే ఉంటాయి. ఏఐఎస్‌లో మీది కానిది కనిపిస్తే పోర్టల్‌లో ఫీడ్‌బ్యాక్ ఇవ్వండి. ఉమ్మడి ఖాతా వడ్డీ ఇద్దరి పేర్లా పూర్తిగా పడటం తరచూ జరిగేదే. రిటర్న్ వేశాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి, లేకపోతే వేయనట్టే.

రీఫండులో వాటా తీసుకుంటామని వచ్చే ఏజెంట్లకు లాగిన్ ఇవ్వకండి. ఇవ్వని రాజకీయ విరాళాలు, లేని అద్దె, లేని జబ్బు చూపించి వాళ్లు రీఫండు తెప్పిస్తారు. 2025 జులై 14న శాఖ ఇలాంటి వ్యవహారాలపైనే దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు చేసింది. తప్పుడు సమాచారానికి తప్పిన పన్నుకు రెండింతల జరిమానా. అది పడేది ఏజెంటు మీద కాదు, పాన్ ఎవరిదో వాళ్ల మీద.

గడువు దాటిపోయింది. ఇప్పుడేం చేయాలి?

డిసెంబరు 31 వరకు ఆలస్యపు రిటర్న్ వేయవచ్చు. రుసుము 5,000, ఆదాయం 5 లక్షల లోపైతే 1,000. బాకీ పన్నుపై నెలకు 1 శాతం వడ్డీ. షేర్ల నష్టాన్ని వచ్చే ఏళ్లకు తీసుకెళ్లే హక్కు పోతుంది. అదీ దాటితే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది, గడువు ఇప్పుడు 48 నెలలు. అదనపు పన్ను మొదటి ఏడాది 25 శాతం, రెండో ఏడాది 50, మూడో ఏడాది 60, నాలుగో ఏడాది 70. దీంట్లో రీఫండు అడగలేరు.

నోటీసు అని మెయిల్ వచ్చింది. నిజమైనదో కాదో ఎలా తెలుస్తుంది?

శాఖ పంపే ప్రతి లేఖ మీదా డిన్ (పత్రం గుర్తింపు) నంబరుంటుంది. ఈ-ఫైలింగ్ పోర్టల్ మొదటి పేజీలోనే, లాగిన్ అవకుండా, ఆ నంబరు కొట్టి చూసుకోవచ్చు. మెయిల్‌లోని లింకు నొక్కవద్దు. నిజమైనదైతే ముందు సెక్షన్ చూడండి. 143(1) అయితే అది చాలాసార్లు లెక్క సరిపోయిందనో రీఫండు వస్తోందనో చెప్పే సమాచారమే. 139(9) అయితే రిటర్న్‌లో లోపం ఉందని, 15 రోజుల్లో సరిచేయాలి. మీ లెక్క మారుస్తామని చెప్పే 143(1)(ఎ) ప్రతిపాదనకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే వాళ్ల లెక్కే ఖరారవుతుంది.